కారు పెయింట్ మీద తుప్పు మచ్చలు: ఇంటి దగ్గరే సరిగ్గా బాగుచేసుకోవడం ఎలా

"టచప్ పెన్ కొని మచ్చ మీద రాశాను. రెండు నెలలకే మళ్లీ ఎర్రగా బయటపడింది. పెన్ను నకిలీదా?" తుప్పు గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ప్రశ్న ఇదే. పెన్ను మంచిదే. దాన్ని తుప్పు మీద రాశారు, అదీ తేడా. తుప్పంటే అప్పటికే రేకు నుంచి విడిపోతున్న పొర. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా, ఆ రంగు పట్టుకునేది రేకుని కాదు, రాలిపోయే పొడిని.

మాది విశాఖ, ఇల్లు సముద్రానికి దగ్గర. కారు పన్నెండేళ్ల పాత తెల్ల హ్యాచ్‌బ్యాక్. దాని మీద ఈ పని నాలుగుసార్లు చేశాను, మొదటి రెండుసార్లు తప్పుగా. ఉప్పుగాలి లేని ఊళ్లలో ఉన్నవాళ్లు కాస్త తీరిగ్గా చేసుకోవచ్చు కానీ పని వరస మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. ముందు అది ఏ రకం మచ్చో తేల్చుకోండి

కారు కడిగి, ఆరాక, పట్టపగలు వెలుగులో చూడండి. మచ్చ మీద వేలిగోరు ఆనించి మెల్లగా లాగండి. నాలుగు రకాలు కనిపిస్తాయి.

- పైన అంటిన ఇనుపపొడి: ఆవగింజకంటే చిన్న నారింజ చుక్కలు. బానెట్, పైకప్పు, డిక్కీ మీద చల్లినట్టుంటాయి. గోరుకి గరుకుగా తగులుతాయి, కానీ పెయింట్ చిట్లి ఉండదు.
- రాయి దెబ్బ: పెయింట్ చిన్న పెచ్చు లేచిపోయి, మధ్యలో ఎర్ర చుక్క. బానెట్ ముందు అంచున, ముందు అద్దం పైనున్న రేకు మీద, చక్రాల వెనక ఎక్కువ.
- పొక్కు: పెయింట్ ఉబ్బి ఉంటుంది, కొన్నిసార్లు ఎరుపు అసలు కనిపించదు. తుప్పు రేకు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింట్‌ని కింది నుంచి పైకి తోస్తుంది. పైకి పావలా అంత కనిపిస్తే లోపల రూపాయి బిళ్లంత ఉంటుందనే లెక్కతో మొదలుపెట్టండి.
- చిల్లు: స్క్రూడ్రైవర్ మొనతో కాస్త నొక్కితే రేకు మెత్తగా లోపలికి దిగిపోతుంది.

మొదటి రకాన్ని తుప్పనుకుని ఎమరీ పేపరు తీసి రుద్దకండి. మా అపార్ట్‌మెంట్ గేటు మార్చినప్పుడు గ్రైండర్ రవ్వలు నా కారు మీద పడ్డాయి. వారం తిరిగేసరికి తెల్ల కారంతా ఆటలమ్మ పోసినట్టు అయింది. కంగారుపడి ఒక మూల వాటర్ పేపరుతో (తడిపి రుద్దే ఎమరీ పేపరు) రుద్దాను. చుక్కలు పోయాయి, వాటితోపాటు రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు కూడా పోయింది. రుద్దే పని లేకుండానే పోయే చుక్కలవి. బ్రేకుల పొడి, రైలు పట్టాల పక్క పార్కింగ్, గ్రిల్ వర్క్ షాపు పక్క పార్కింగ్, ఇవే మామూలు కారణాలు.

2. ఎంతవరకు మనం, ఎక్కడి నుంచి మేస్త్రి

రాయి దెబ్బలు, ఐదు రూపాయల బిళ్ల మించని పొక్కులు ఇంట్లో చేసుకోవచ్చు. ఈ కిందివి ఏవైనా ఉంటే నేరుగా టింకరింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లండి.

- చిల్లు పడింది. లప్పం పెట్టి మూస్తే సరిపోదు, కుళ్లిన రేకు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి.
- రన్నింగ్ బోర్డు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు మెత్తబడ్డాయి. అది అందం సంగతి కాదు, బండి బలం సంగతి.
- ముందు అద్దం రబ్బరు కిందినుంచి తుప్పు వస్తోంది. అద్దం తీస్తే తప్ప దాని మొదలు కనిపించదు.
- పెట్రోల్ ట్యాంక్, పైపుల దగ్గర ఉంది.

మేస్త్రికి ఇచ్చినా, తుప్పు మొత్తం తీశాక ఒకసారి పిలవమని, చూశాకే ప్రైమర్ కొట్టమని ముందే చెప్పండి. నా కారు వెనక చక్రం వంపు ఒక షాపులో చేయించాను. అద్దంలా మెరిసింది. ఒక వానాకాలం గడిచాక లప్పం పలకలాగ ఊడి చేతిలోకొచ్చింది. దాని వెనక తుప్పు అలాగే ఉంది. ఆ రోజే ఈ పని నేర్చుకోవాలనిపించింది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదల, తరుగుదల మామూలు మోటార్ పాలసీలో రావు. కారు కొత్తదైతే మాత్రం తుప్పుకి వారంటీ ఉందేమో ఓనర్ పుస్తకం తిరగేయండి. ఉంటే మీరు చెయ్యి పెట్టకముందే సర్వీస్ సెంటర్‌కి చూపించండి.

3. మిగతా మచ్చలు కూడా ఒకేసారి వెతకండి

ఒక మచ్చ కనిపించిందంటే ఇంకో రెండు దాక్కుని ఉంటాయి. సామాను ఒకసారి బయటికి తీశాక అన్నీ కలిపి చేసుకుంటేనే గిట్టుబాటు.

- తలుపుల కింది అంచు, లోపలి మడత
- చక్రాల వంపుల లోపలి పెదవి (బురద పేరుకునే చోటు)
- డిక్కీ మీద నంబర్ ప్లేటు వెనక
- పైకప్పు మీద నీళ్లు జారే కాలువ
- బ్యాటరీ కింద ట్రే
- కాళ్లపట్టాల కింద నేల. పట్టా ఎత్తి చెయ్యి పెట్టండి, చెమ్మ తగిలితే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే

పాత కారైతే ఫ్రిజ్ అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద ఆనించుకుంటూ వెళ్లండి. ఒకచోట పట్టు తగ్గితే అక్కడ ముందే ఎవరో మందంగా లప్పం పెట్టారు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ ఎలాగూ పట్టదు, కంగారుపడకండి.

4. సామాను

కొన్ని ఆటో పెయింట్ షాపుల్లో, కొన్ని ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

- ఎమరీ పేపరు (నంబరు పెరిగేకొద్దీ నున్నన): 80, 120, 180, 320, 400 నంబర్లు, వాటర్ పేపరు 600, 1000, 2000
- రుద్దేటప్పుడు పేపరు వెనక పెట్టడానికి చిన్న చెక్క ముక్క, లేదా గట్టి రబ్బరు
- మాస్కింగ్ టేప్, పాత న్యూస్‌పేపర్లు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు ఊడని గుడ్డలు
- రస్ట్ కన్వర్టర్ (గుంటల్లో మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే ద్రవం)
- రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ (ప్రైమర్, హార్డెనర్)
- గుంట పడితే బాడీ లప్పం, దాని హార్డెనర్ ట్యూబు
- ప్రైమర్ సర్ఫేసర్ స్ప్రే డబ్బా (రంగుకి ముందు చిన్న పల్లాలు, గీతలు పూడ్చేది)
- మీ కారు కోడుకి కలిపిన బేస్ కోట్ (రంగు పొర), క్లియర్ కోట్
- రబ్బింగ్ కాంపౌండ్
- నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, కెమికల్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్

మాస్క్ దగ్గర బేరం వద్దు. కరోనా నాటి గుడ్డ మాస్కు పెయింట్ ఆవిరిని ఆపదు.

రంగు పేరు చెప్పి కొనకండి, కోడు చెప్పి కొనండి. తెలుపులోనే పదిరకాలుంటాయి. కోడు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద గానీ, బానెట్ కింద పలక మీద గానీ ఉంటుంది. మారుతి సిల్కీ సిల్వర్‌కి జెడ్2ఎస్ అన్నట్టు ప్రతి రంగుకీ ఒకటుంటుంది. ఎండకి మీ కారు రంగు కొంత వెలిసి ఉంటుంది కాబట్టి, వీలైతే పెట్రోల్ మూతని ఊడదీసి షాపుకి తీసుకెళ్లి దాన్ని చూసి కలపమనండి.

ప్రైమర్ విషయంలో ఒక మాట. హార్డ్‌వేర్ షాపులో రెడ్ ఆక్సైడ్ ఇస్తారు, అది కిటికీ గ్రిల్లుకి బాగుంటుంది. కారుకి ఎపాక్సీ అడగండి. మామూలు సింగిల్ డబ్బా ప్రైమర్లలో చాలావాటికి చెమ్మ పీల్చే గుణం ఉంది. అది ఒక్కటే కొట్టి, రంగు వచ్చే వారం వేద్దామని వదిలేసిన కార్లు ప్రైమర్ కిందే తుప్పు పడతాయి.

5. రోజు, చోటు

కోస్తాలో అయితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మంచు పూర్తిగా ఆరాక, తొమ్మిదిన్నర పదింటికి మొదలుపెట్టి, మూడింటికల్లా ప్రైమర్ పూర్తవ్వాలి. వానాకాలంలో తప్పనిసరైతే రాయి దెబ్బలు మాత్రమే చేసి, పొక్కుల పని వాయిదా వేయండి.

వేసవి మధ్యాహ్నం కూడా వద్దు. రేకు మీద చెయ్యి ఆనించి పదంకెలు లెక్కపెట్టలేకపోతే ఆ వేడికి స్ప్రే గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. నీడ ఉండి, గాలి ఆడే చోటు చూసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్ప్రే కొట్టకండి, పక్క కార్లకి తుంపర్లు పడితే గొడవలే. దోమల చుట్ట వెలిగించి పక్కన పెట్టుకుని థిన్నర్ మూత తీసేవాళ్లని కూడా చూశాను. అలాంటివి వద్దు.

6. కడగడం: ఇనుపపొడి చుక్కలకి పని ఇక్కడితో అయిపోతుంది

షాంపూతో కారంతా కడిగి ఆరనివ్వండి. చుక్కలున్న చోట ఐరన్ రిమూవర్ (ఇనుపపొడిని కరిగించే ద్రవం) కొట్టండి. ఇనుపపొడిని తాకగానే అది ఊదారంగుకి తిరిగి కారుతుంది. ఘాటైన వాసన వస్తుంది, భయపడకండి. ఎండలో వాడకూడదు, ఆరనివ్వకూడదు. డబ్బా మీద చెప్పిన నిమిషాలు చూసి బాగా కడిగేయండి.

ఇంకా గరుకు మిగిలితే క్లే బార్, అంటే పెయింట్ మీది గరుకుని లాగే మెత్తటి మట్టిముద్ద. నీళ్లూ షాంపూ చల్లి, మట్టిముద్దని బరువు వేయకుండా ముందుకీ వెనక్కీ జార్చండి. ముద్ద కింద పడితే పారేయండి. దానికంటిన ఇసుక రేణువొకటి బానెట్ మొత్తం గీసేస్తుంది. చివర్లో వ్యాక్స్ పెడితే పని పూర్తి.

7. రాయి దెబ్బ మచ్చ

చిన్నదని చిన్నచూపు చూడకండి, పొక్కులన్నీ ఒకప్పుడు ఇవే.

1. మచ్చ చుట్టూ ఆల్కహాల్‌తో తుడవండి. వ్యాక్స్, జిడ్డు పోవాలి.
2. 320 పేపరుని శనగగింజంత గుండ్రంగా కత్తిరించి పెన్సిల్ రబ్బరు చివర ఫెవిక్విక్‌తో అంటించండి. దాన్ని తిప్పుతూ ఎరుపు పోయేదాకా గీకండి. మూలల్లో మిగిలితే సూది వాడండి.
3. అంచున లేచిన పెయింట్ ఉంటే పళ్లపుల్లతో లేపి తీసేయండి. అది మిగిలితే కింద చెమ్మ దూరుతుంది.
4. గుంటలో నల్లచుక్క ఇంకా కనిపిస్తే పళ్లపుల్ల మొనతో కన్వర్టర్ ఒక బొట్టు. డబ్బా మీద రాసినంతసేపు ఆగండి.
5. మళ్లీ ఆల్కహాల్, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ ఒక బొట్టు. గుంట నిండకూడదు, అడుగు మూసుకుంటే చాలు.
6. మర్నాడు రంగు: పల్చగా రెండు మూడుసార్లు, మధ్యలో అరగంట విరామం. మూత బ్రష్ లావుగా ఉంటుంది, పళ్లపుల్లే మేలు.
7. క్లియర్ బొట్టు చుట్టూ ఉన్న పెయింట్ కంటే వెంట్రుకవాసి ఎత్తుగా నిలవాలి, ఆరాక దిగిపోతుంది.
8. పది రోజులు ఆగి, ఎత్తు కనిపిస్తే 2000 వాటర్ పేపరుతో నీళ్లలో తడుపుతూ మెల్లగా చదును చేసి కాంపౌండ్ పట్టించండి.

ఆరో మెట్టులో ఒకేసారి బొట్టు నింపేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, వారానికి ముడతపడుతుంది. నా మొదటి తప్పు అదే.

8. పొక్కు: అసలు పని

ఒక సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు: రేకు తెల్లగా మెరిసేదాకా ఆగకూడదు, మెరిశాక ప్రైమర్ పడేదాకా ఆగకూడదు. సముద్రపు గాలిలో శుభ్రం చేసిన రేకు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేలోపు పసుపుపచ్చగా మారడం నేను చూశాను. అలా మారితే మళ్లీ 180తో రుద్దాల్సిందే.

ఇంకోటి, బయటి రేకు మందం ముప్పావు మిల్లీమీటరు అటూఇటూ. దాని మీద ఫ్యాక్టరీ పెయింట్ పొరలన్నీ కలిపి 100 నుంచి 130 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అందుకే గ్రైండర్ పెట్టకండి. చేత్తో పని నెమ్మదే కానీ రేకు మిగులుతుంది.

8.1 టేప్ వేయడం. పొక్కుకి నాలుగు వేళ్ల దూరంలో చుట్టూ రెండు వరసలు టేప్ వేయండి. పేపరు జారినా మంచి పెయింట్ మీద గీతలు పడవు. తలుపు సందులు, రబ్బర్లు మూయండి.

8.2 తెరవడం. స్క్రేపర్ మొనతో పొక్కు పగలగొట్టి, వదులుగా ఉన్న పెయింట్ వచ్చినంతా తీసేయండి. పట్టు ఉన్న పెయింట్ తగిలేదాకా వెళ్లండి. గుండె గుభేల్‌మంటుంది, మచ్చ రెట్టింపవుతుంది. అది మీరు పాడుచేసింది కాదు, దాగి ఉన్నది బయటపడింది.

8.3 తుప్పు తీయడం. 80తో తుప్పు మీద మాత్రమే. ఎరుపు పోయాక 120, ఆ తర్వాత 180. ఇక్కడ నీళ్లు వాడకండి, పొడిగానే రుద్దండి. చివరికి మెరిసే రేకు మధ్యలో నల్లటి చుక్కలు మిగులుతాయి. అవి తుప్పు తొలిచిన గుంటలు. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే బాగా తెలుస్తాయి. పేపరు మడిచి మొనతో, సన్నటి వైర్ బ్రష్‌తో వీలైనంత తీయండి.

8.4 అంచు జారుడు. పెయింట్ అంచు మెట్టులా ఉంటే ఎన్ని కోట్లు వేసినా ఆ గీత పైకి కనిపిస్తుంది. చెక్క ముక్కకి 320 చుట్టి, రేకు నుంచి పెయింట్ వైపుకి ఏటవాలు చేయండి. ప్రైమర్, రంగు, క్లియర్ పొరలు చెట్టు మొద్దు కోసినట్టు వలయాలుగా కనిపించాలి, ఒక్కోటి కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు. కళ్లు మూసుకుని వేలు జార్చండి, ఎక్కడా తట్టకూడదు.

8.5 కన్వర్టర్, గుంటల్లోకి మాత్రమే. ఇందులో రెండు రకాలుంటాయి. టానిక్ ఆమ్లం రకం తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం బూడిదరంగు ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. తుప్పు లేని రేకుమీద దీనికి పనిలేదు, కాబట్టి బ్రష్‌తో అంతా పూయకండి. ఫాస్ఫారిక్ రకమైతే డబ్బా చెప్పినట్టు కడగడమో తుడవడమో చేసి పూర్తిగా ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలితే ఎపాక్సీ దాని మీద పట్టదు. టానిక్ రకానికి ఎక్కువసేపు ఆరాల్సి వస్తే, రేకుని మర్నాడు 180తో ఒకసారి మెరిపించి అక్కణ్నించి ముందుకెళ్లండి.

8.6 జిడ్డు తీయడం. ఒక గుడ్డతో ఆల్కహాల్ రాయండి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డ వాడితే జిడ్డు చోటు మారుతుందే తప్ప పోదు. ఇక చెయ్యి తగలనివ్వకండి.

ఆల్కహాల్ బదులు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ముందు కనపడని మూల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ భాగానికి ఫ్యాక్టరీ పెయింట్ కాదు, తర్వాతెప్పుడో లోకల్‌గా వేయించిన పెయింట్ ఉంది. దాని మీద ఘాటు థిన్నరు పడితే ముడతలే.

8.7 ఎపాక్సీ ప్రైమర్. డబ్బా మీద రాసిన పాళ్లలో కొలిచి కలపండి, కళ్లతో అంచనా వేయకండి. చిన్న మచ్చకి గన్ అక్కర్లేదు, మంచి బ్రష్‌తో పల్చగా రెండు కోట్లు సరిపోతాయి. రేకు దాటి ఏటవాలు అంచు మీదికి కూడా రావాలి. రాత్రంతా ఆరనివ్వండి.

ఇక్కడిదాకా ఒకే రోజులో అయితే సగం గెలిచినట్టు కాదు, మొత్తం గెలిచినట్టే. ఇకపై రంగు సరిగ్గా కలవకపోయినా కారు పాడవదు, చూడ్డానికి బాగుండదంతే.

8.8 లప్పం, అవసరమైతేనే. గుంట చేతికి తెలిస్తే ఎపాక్సీని 180తో గరుకు చేసి లప్పం పెట్టండి. నిమ్మకాయంత లప్పానికి శనగగింజంత హార్డెనర్. చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా కలపండి. మన వేడికి ఐదు నిమిషాల్లోపే బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెమే. రెండు మిల్లీమీటర్లకి మించి మందం వద్దు. అరగంట తర్వాత 120, 180, 320 వరసగా, చెక్క ముక్కతోనే రుద్దండి. వేళ్లతో రుద్దితే వేలికింద లోయలు పడతాయి.

8.9 సర్ఫేసర్. రెండు మూడు కోట్లు, మధ్యలో పదిహేను నిమిషాలు. ఆరాక పైన పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. వాటర్ పేపరు 600తో తడుపుతూ రుద్దినప్పుడు పెన్సిల్ గీత మిగిలిన చోటల్లా పల్లం ఉన్నట్టు. ఎక్కడైనా రేకు బయటపడితే అక్కడ మళ్లీ ఎపాక్సీ, దానికి దగ్గరదారి లేదు.

8.10 రంగు. న్యూస్‌పేపరు కప్పేటప్పుడు మచ్చ వైపు టేప్ అంచుని బయటికి మడవండి. నిటారుగా అంటిస్తే రంగు ఆగినచోట గీత గోడలా నిలుస్తుంది. డబ్బాని లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. ముందు అట్టముక్క మీద కొట్టి చూసి, ఎండలో కారు పక్కన పెట్టి పోల్చండి.

జానెడు దూరం నుంచి, చెయ్యి కదులుతుండగానే నొక్కి, కదులుతుండగానే వదలాలి. మొదటి కోటు మంచు కురిసినట్టు, అడుగు కనిపిస్తూనే ఉండాలి. మూడు నాలుగు కోట్లలో మూసుకుంటుంది. తెలుపులాంటి సాదా రంగులు క్షమిస్తాయి. సిల్వర్, గ్రే మెటాలిక్ మచ్చ కాస్త తడి ఎక్కువైనా నల్లబడి కనిపిస్తుంది. బానెట్ మధ్యలో మెటాలిక్ మచ్చ ఉంటే ప్రైమర్ వరకు మీరు చేసి, రంగు షాపులో వేయించడమే తెలివైన పని.

8.11 క్లియర్. ఇరవై నిమిషాల తర్వాత రెండు మూడు కోట్లు, రంగుకంటే కాస్త బయటికి. మామూలు స్ప్రే క్లియర్ పెట్రోల్‌కి కరుగుతుంది. ఇంధనం మూత దగ్గరైతే హార్డెనర్ కలిసే 2కె క్లియర్ కావాలి. దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. ఇంట్లో కొట్టకండి, షాపులో బూత్‌లో వేయించండి.

8.12 ఆగడం. ఒకరోజు చెయ్యి పెట్టకండి, వారం రోజులు కడగకండి. పది రోజులకి 2000 పేపరు, కాంపౌండ్. నెల గడిచాకే వ్యాక్స్.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

రంగు మీద చేపకన్నులాంటి గుండ్రటి గుంటలు. సిలికాన్ జిడ్డు. డాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్ లాంటివి చుట్టుపక్కల వాడి ఉంటారు. ఆరనిచ్చి, 600తో చదును చేసి, ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి మళ్లీ పల్చగా వేయండి. మీదనుంచి మందంగా కొట్టి పూడ్చాలని చూస్తే ఇంకా పెరుగుతాయి.

ధార కారింది. తడిలో వేలు పెట్టకండి. రెండు మూడు రోజులు ఆగి, చిన్న గట్టి ముక్కకి 1000 పేపరు చుట్టి ధార నెత్తి మీద మాత్రమే రుద్దండి.

క్లియర్ పాలపొగలా తెల్లబడింది. గాలిలో చెమ్మ చిక్కుకుంది. స్వల్పమైతే ఎండిన రోజున హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి పట్టిస్తే పోతుంది, లేదంటే గీకి మళ్లీ వేయాలి.

అంచు వెంట ముడతలు. కొత్త రంగులోని థిన్నరు పాత పెయింట్‌కి సరిపడలేదు. పూర్తిగా ఆరాక ముడత గీకి, ఎపాక్సీతో మూసి, అప్పుడు రంగు.

మూడు నెలలకి అదేచోట పొక్కు. తుప్పు మిగిలింది, లేదా రేకు వెనకవైపు నుంచి వస్తోంది. తలుపు కింది అంచులో రెండోదే ఎక్కువ. బయట ఎన్నిసార్లు చేసినా లాభం లేదు, పదో భాగం చూడండి.

ఇక చిట్కాలు. నిమ్మకాయ, ఉప్పు కలిపి రుద్దితే తుప్పు పోతుందని చెప్తారు. వంటింటి కత్తికి పోతుందేమో కానీ, సముద్రపు ఉప్పుకి భయపడి మనమే తెచ్చి రేకుకి ఉప్పు పూయడమేమిటి? కూల్‌డ్రింక్ పోయడమూ అంతే, చక్కెర జిగట మిగులుతుంది. చాసిస్ కింద వేస్ట్ ఆయిల్ కొట్టించే అలవాటు మన దగ్గర పాతది. రేకుకి కొన్నాళ్లు కాపుదలే కానీ ఆ నూనెకి రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, నేలంతా మడ్డి. బ్యాటరీకి తగిలించే తుప్పు నిరోధక యంత్రాలు కూడా కొనకండి. హార్బర్‌లో ఓడలకి జింక్ దిమ్మలు పనిచేస్తాయంటే ఓడ అడుగు ఉప్పునీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి. కారు చుట్టూ ఉండేది గాలి.

10. లోపలి వైపు, మళ్లీ రాకుండా

తలుపు అద్దం పక్కనుంచి నీళ్లు లోపలికి దిగడం మామూలే. అవి బయటికి పోవడానికి తలుపు కింద చిన్న కంతలుంటాయి. దుమ్ముతో అవి మూసుకుంటే తలుపు కుండలా నీళ్లు పట్టుకుని లోపలినుంచి కుళ్లుతుంది. చీపురుపుల్లతో పొడవండి, ఇనుప తీగ వద్దు. పొడిచాక మగ్గు నీళ్లు అద్దం రబ్బరు పక్కన పోసి కిందనుంచి కారుతున్నాయో లేదో చూడండి. తలుపు పూర్తిగా ఆరాక అదే కంతలోంచి పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (రేకు లోపలి బోలు భాగాలకి పూసే మైనం) కొట్టండి.

మిగతావి చిన్నవే, కానీ వదలకండి:

- వానాకాలంలో నెలకోసారి చక్రాల వంపుల లోపలికి పైపు పెట్టి మట్టి కడగడం
- బీచ్ రోడ్డు మీద ఆపి వస్తే ఆ వారమే మంచినీళ్లతో కారు కడగడం, అడుగు భాగంతో సహా
- తడి కారు మీద కవరు కప్పకపోవడం. లోపల ఆవిరి పట్టి ఉంటుంది, కప్పకపోవడమే మేలు
- కాళ్లపట్టాలు తడిస్తే ఎత్తి ఎండలో వేయడం
- పక్షి రెట్ట అదేరోజు తడిగుడ్డ ఆనించి నానబెట్టి తీయడం
- కొత్త రాయి దెబ్బ కనిపిస్తే కుదిరేదాకా దాని మీద చిన్న టేప్ ముక్క అంటించి ఉంచడం

బాగుచేసిన మచ్చల్ని ఫోన్లో ఫొటో తీసి తేదీతో దాచుకోండి. నెలకి, ఆరు నెలలకి, వానాకాలం దాటాక, ఇలా మూడుసార్లు టార్చ్ పక్కనుంచి వేసి అదే కోణంలో చూడండి. నా కారు వెనక చక్రం వంపు మీద ఎడమవైపు ఒక చోట పోయిన అక్టోబరులో సన్నటి ఉబ్బు కనిపించింది. డిసెంబరు దాకా ఆగాను, తెరిచాను. ఆవగింజంత గుంట ఒకటి, అప్పట్లో పేపరు అందనిది. మళ్లీ 8.3 నుంచి మొదలుపెట్టాను.